సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్‌కి కావలసిన ఇంగ్లీషు: చిల్లర మార్చడం నుంచి రీఫండ్ అడగడం దాకా

అమెరికా వచ్చి మొదటి కారు కొన్నాక కొద్ది రోజులకే ఒక ప్రశ్న ఎదురవుతుంది: దీన్ని కడగడం ఎక్కడ? మన ఊళ్లో అయితే ఇంటి ముందు బకెట్టు, పాత గుడ్డ చాలు. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్ల లీజులోనే పార్కింగులో కార్లు కడగకూడదని రాసి ఉంటుంది. సొంత ఇల్లున్నా కొన్ని ఊళ్లలో ఆంక్షలు ఉంటాయి. వీధిలో పారిన సబ్బునీళ్లు వర్షపు నీటి కాలువలో పడి, శుద్ధి కాకుండానే వాగుల్లో కలుస్తాయన్నది వాళ్ల ఆందోళన. కార్ వాష్‌లో వాడిన నీళ్లు మురుగునీటి శుద్ధికి వెళ్తాయి కాబట్టి అందరినీ అక్కడికే పొమ్మంటారు.

కార్ వాష్‌లలో మన చేతులతో మనమే కడుక్కునే రకాన్ని ‘సెల్ఫ్ సర్వ్’ అంటారు. కొద్ది డాలర్లతో పని అయిపోతుంది కాబట్టి విద్యార్థులకి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి ఇదే నయం. చిక్కల్లా అక్కడ చెప్పేవాళ్లు ఎవరూ ఉండకపోవడమే. గోడ మీద బోర్డు, ఒక గుండ్రటి మీట, డబ్బులు వేసే సందు, అంతే. డబ్బులు వేసిన క్షణం నుంచి టైమ్ తగ్గుతూ ఉంటుంది. చేతిలో నీళ్లు చిమ్మే గన్ను పట్టుకుని, ఒక పక్క అంకెలు పడిపోతుంటే, అప్పుడు బోర్డు మీద ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవాలంటే ఎవరికైనా టెన్షనే. అందుకని నేను చెప్పే పద్ధతి ఒక్కటే. చదవాల్సిందంతా డబ్బులు వేయకముందే చదివేయండి. మాట్లాడాల్సిన నాలుగు వాక్యాలు ముందే నోటికి తెచ్చుకోండి.

ముందు చిల్లర సంగతి

చాలా చోట్ల ఇప్పటికీ క్వార్టర్లే నడుస్తాయి. క్వార్టర్ అంటే 25 సెంట్ల నాణెం, నాలుగైతే డాలర్. అమెరికన్ల నోట్లో అది ‘క్వార్డర్’లా, వాటర్ ‘వాడర్’లా వినిపిస్తుంది. ఆ ‘డ’ శబ్దానికి చెవిని అలవాటు చేసుకోండి, సగం మాటలు వాటంతటవే అర్థమవుతాయి.

బ్యాంకుకి వెళ్లినప్పుడు “కెన్ ఐ గెట్ ఎ రోల్ ఆఫ్ క్వార్టర్స్, ప్లీజ్?” అని అడగండి. 10 డాలర్లకి కాగితంలో చుట్టిన 40 నాణేలు ఇస్తారు. అపార్ట్‌మెంటులో బట్టలుతికే మెషీన్లకి కూడా పనికొస్తాయి కాబట్టి ఒక రోల్ ఇంట్లో ఉండటం ఎప్పుడూ మంచిదే.

కార్ వాష్ దగ్గర కూడా నోట్లకి చిల్లర ఇచ్చే ‘చేంజ్ మెషీన్’ ఉంటుంది. దాని మీద “యాక్సెప్ట్స్ వన్స్, ఫైవ్స్, టెన్స్, ట్వెంటీస్” అని రాసి ఉంటే ఆ నోట్లన్నీ తీసుకుంటుందని అర్థం. “డజ్ నాట్ గివ్ బిల్స్” అని ఉంటే మాత్రం ఆగండి. ఇక్కడ బిల్ అంటే నోటు. అంటే తిరిగి నోట్లు ఇవ్వదు, అంతా నాణేలే. 20 డాలర్ల నోటు పెట్టారంటే 80 క్వార్టర్లు గలగలమంటూ కింద గిన్నెలో పడతాయి. వాటిని రెండు జేబుల్లో నింపుకుని తిరగాలి. దానికన్నా పక్కనున్న మనిషిని “డు యు హ్యావ్ చేంజ్ ఫర్ ఎ ట్వెంటీ?” అని, లేదా ఎదురుగా ఉన్న గ్యాస్ స్టేషన్‌లో (మన పెట్రోల్ బంకు) “కుడ్ యు బ్రేక్ ఎ ట్వెంటీ ఫర్ మీ?” అని అడగడం మేలు. ‘బ్రేక్’ అంటే నోటు విడగొట్టి ఇవ్వడం. కొన్నిచోట్ల నాణేలకి బదులు ‘టోకెన్లు’ వస్తాయి. వాటిని మళ్లీ డబ్బుగా మార్చరు, “నో రీఫండ్స్ ఆన్ టోకెన్స్” అని బోర్డే ఉంటుంది. ఎంత కావాలో అంతే తీసుకోండి.

కార్డు వాడేవాళ్లు ఒక్క వాక్యం తప్పకుండా వెతకాలి: “పుష్ స్టాప్ బటన్ టు ఎండ్”. నాణేలు వేస్తే టైమ్ తగ్గుతూ వస్తుంది. కార్డు పెడితే చాలా మెషీన్లలో టైమూ, దాంతోపాటు బిల్లూ పెరుగుతూ పోతాయి. మీరు కడగడం ఆపి గన్ను తగిలించేసినా లెక్క ఆగదు. ఆ స్టాప్ బటన్ నొక్కితేనే ఆగుతుంది. ఎక్కువ డబ్బులు పోయేది ఇక్కడే, కాబట్టి కార్డు పెట్టకముందే ఆ బటన్ ఎక్కడుందో చూసుకోండి.

లోపలికి వెళ్లేటప్పుడు

కారు నిలిపే ఒక్కో గదిని ‘బే’ అంటారు. బే వన్, బే టూ అని నంబర్లుంటాయి. పైన “క్లియరెన్స్” అని అడుగుల్లో ఎత్తు రాసి ఉంటుంది. కారు మీద సైకిలో, సామాన్ల పెట్టో కట్టి ఉంటే అది చూసుకోవాలి. “అవుట్ ఆఫ్ ఆర్డర్” అంటే పనిచేయడం లేదని. “ఎగ్జాక్ట్ చేంజ్ ఓన్లీ” అంటే మెషీను చిల్లర తిరిగివ్వదని. “యూజ్ ఎట్ యువర్ ఓన్ రిస్క్”, “నాట్ రెస్పాన్సిబుల్ ఫర్ డ్యామేజ్” అన్నవి గీతలు పడినా, యాంటెనా విరిగినా బాధ్యత వాళ్లది కాదని చెప్పే బోర్డులు. “నో బకెట్స్” లేదా “నో హ్యాండ్ వాషింగ్” కనిపిస్తే మన బకెట్టు, మన సబ్బు డిక్కీలోనే ఉంచాలి. “నో ఇంజన్ క్లీనింగ్” అన్నచోట బానెట్ ఎత్తకూడదు.

బే ముందు కారు ఆగి ఉంటే అది వరసలో ఉందో, ఊరికే నిలబడిందో తెలియదు. దిగి వెళ్లి, “ఎక్స్‌క్యూజ్ మీ, ఆర్ యు ఇన్ లైన్?” అని అడగండి. ఇక్కడ క్యూ అనరు, లైన్ అంటారు. “నో, యు ఆర్ గుడ్. గో అహెడ్” అంటే వాళ్లు లైన్లో లేరు, మీరు వెళ్లొచ్చని. ఈ ‘యు ఆర్ గుడ్’ చాలామంది కొత్తవాళ్లని తికమక పెడుతుంది. మీ మంచితనం గురించి కాదు, ‘ఏం పర్లేదు’ అనే అర్థంలో వాడతారు. మీరు సారీ చెప్పినా అదే జవాబు వస్తుంది. ఇద్దరూ ఒకేసారి వచ్చారనుకోండి, “గో అహెడ్, యు వర్ హియర్ ఫస్ట్” అనేస్తే గొడవే ఉండదు.

లోపల కడుగుతున్న మనిషితో మాట్లాడాలంటే నీళ్ల చప్పుడు ఆగేదాకా ఆగి, ఆయనకి కనిపించేలా ముందు వైపు నుంచి వెళ్లండి. చేతిలో గన్ను ఉన్న మనిషిని వెనకనుంచి పిలవకూడదు. “నో రష్, జస్ట్ వండరింగ్ ఇఫ్ యు ఆర్ ఆల్మోస్ట్ డన్” అంటే తొందర పెట్టినట్టు ఉండదు. అదే ప్రశ్న మిమ్మల్ని అడిగితే “జస్ట్ ఎ కపుల్ మోర్ మినిట్స్” అని చెప్పండి.

అసలు ఏమీ అర్థం కాకపోతే మొహమాటపడకండి. “సారీ టు బాదర్ యు. ఇట్స్ మై ఫస్ట్ టైమ్ హియర్. కుడ్ యు షో మీ హౌ దిస్ వర్క్స్?” మొదటిసారి అని చెప్పగానే చాలామంది సంతోషంగా వచ్చి చూపిస్తారు. సార్, మేడమ్ అక్కర్లేదు. అంకుల్, బాస్ అసలే వద్దు.

గుండ్రటి మీట మీద మాటలు

అసలు చదువు ఇక్కడుంది. గోడ మీద గడియారంలాంటి పలక, మధ్యలో తిప్పే మీట. దాని చుట్టూ ఏడెనిమిది పేర్లు. అన్నీ వాడాలని రూలేమీ లేదు. ఏది ఎందుకో తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది.

‘ప్రీ సోక్’ అంటే మురికిని నానబెట్టే మందు. తక్కువ ఒత్తిడితో పడుతుంది. కారంతా చల్లి ఒకటి రెండు నిమిషాలు వదిలేయాలి, ఆరిపోనివ్వకూడదు. ‘టైర్ క్లీనర్’ లేదా ‘వీల్ క్లీనర్’ చక్రాలకి మాత్రమే. ‘హై ప్రెషర్ సోప్’ లేదా ‘వాష్’ అంటే ఒత్తిడితో కొట్టే సబ్బునీళ్లు. ‘ఫోమ్ బ్రష్’ అనేది గన్ను కాదు, పక్కనే వేరే పైపుకి ఉన్న బ్రష్షులోంచి నురగ రావడం. మీట అటు తిప్పి చేతిలో గన్ను పట్టుకుని నీళ్లు రాలేదని కంగారు పడనక్కర్లేదు. బ్రష్షులోంచి వస్తూ ఉంటుంది, చూడండి.

‘రిన్స్’ అంటే సబ్బు పోయేలా కడిగేయడం. ‘వాక్స్’, ‘క్లియర్ కోట్ ప్రొటెక్టెంట్’ మెరుపుకి, పెయింటు రక్షణకి. ‘ట్రిపుల్ ఫోమ్’ అంటే రంగురంగుల నురగ. చూడటానికి బాగుంటుంది, పిల్లలకి సరదా. కానీ మామూలు మురికికి అది లేకపోయినా ఏ లోటూ ఉండదని నా అభిప్రాయం.

‘స్పాట్ ఫ్రీ రిన్స్’ని మాత్రం వదలొద్దు. మామూలు నీళ్లలో ఖనిజాలు ఉంటాయి, నీటిబొట్టు ఆరినచోట తెల్లటి మచ్చ మిగలడానికి కారణం అవే. స్పాట్ ఫ్రీ నీళ్లు అంటే రివర్స్ ఆస్మోసిస్ పద్ధతిలో ఆ ఖనిజాలు తీసేసిన నీళ్లు, మన ఇళ్లలో ఆర్‌వో ఫిల్టర్ చేసే పనే. తుడవకుండా వదిలేసినా మచ్చలు పడవు. ఆఖరి నిమిషం దీనికే అట్టేపెట్టుకోండి.

మీట మీద ‘స్టాప్’ అని కూడా ఉంటుంది. అటు తిప్పితే నీళ్లు ఆగుతాయి గానీ టైమ్ ఆగదు. కార్డు లెక్క ఆపే బటన్, ఈ స్టాప్ ఒకటి కావు.

నా వరస ఇది: ప్రీ సోక్, చక్రాలు, హై ప్రెషర్ సోప్, రిన్స్, స్పాట్ ఫ్రీ. బ్రష్షు అవసరమైతేనే. ఈ ఐదు పేర్లు మీట మీద ఎక్కడున్నాయో వేలితో చూపించుకుని, అప్పుడు డబ్బులు వేయండి.

టైమ్ మొదలయ్యాక

“మినిమమ్ టు స్టార్ట్” పక్కన ఉన్న మొత్తం పడేదాకా మెషీను కదలదు. ఒక క్వార్టర్ తక్కువైనా అంతే. ఆ తర్వాత ‘టైమ్ రిమెయినింగ్’ అని అంకెలు వెలుగుతాయి. ఒక నిమిషం మిగిలిందనగా చాలాచోట్ల బజర్ మోగుతుంది. అప్పుడు బోర్డు మీది “యాడ్ కాయిన్స్ బిఫోర్ టైమ్ ఎక్స్‌పైర్స్” అన్న వాక్యం గుర్తురావాలి. బజర్ మోగగానే ఇంకో రెండు క్వార్టర్లు వేస్తే టైమ్ పెరుగుతుంది. సున్నాకి వచ్చేసిందంటే చాలా మెషీన్లు మళ్లీ మినిమమ్ మొత్తం అడుగుతాయి. కారు నిండా సబ్బుతో అక్కడే నిలబడిపోవాలి. నాలుగు నాణేలు విడిగా చొక్కా జేబులో ఉంచుకోండి, తడిచేతులతో పర్సు వెతుక్కునే పని ఉండదు.

గన్నుని బోర్డు మీద ‘వాండ్’ అని కూడా రాస్తారు. “హోల్డ్ ఫర్మ్‌లీ విత్ బోత్ హ్యాండ్స్” అని రాసింది ఊరికే కాదు. ఒత్తిడి సాధారణంగా చదరపు అంగుళానికి 1000 పౌన్ల పైనే ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే చెయ్యి వెనక్కి తన్నుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చగలదు. “డు నాట్ పాయింట్ ఎట్ పీపుల్ ఆర్ యానిమల్స్” అన్నది సరదాకి కూడా దాటకూడని మాట, కాళ్ల మీద మట్టి కడుక్కోవడానికైనా సరే. పిల్లలు కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చోవాలి. పెయింటుకి కనీసం ఒక అడుగు దూరంలో గన్ను పట్టుకుని, పైనుంచి కిందికి కడగండి.

“రిన్స్ బ్రష్ బిఫోర్ యూజ్” అన్న బోర్డుని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మీకన్నా ముందు ఎవరో బురద పట్టిన ట్రక్కుని అదే బ్రష్షుతో రుద్ది ఉంటారు. ఆ ఇసుక రేణువులు కుచ్చుల్లో ఉండిపోతాయి. అలాగే రుద్దితే కొత్త కారు మీద సన్నటి గీతలు వలయాల్లా పడతాయి, అవి మామూలు కడుగుడికి పోవు. బ్రష్షుని కింద పెట్టి, గన్నుతో రిన్స్ నీళ్లు కొట్టి, కారే నీళ్లు తేటగా వచ్చేదాకా చూసి అప్పుడు వాడండి.

చలి ప్రాంతాల్లో ఇంకో విషయం. గడ్డకట్టే చలిలో గన్ను నోట్లోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. పాడైందనుకోకండి, పైపు గడ్డకట్టకుండా వాళ్లే అలా వదులుతారు. షికాగో, మిషిగన్, న్యూజెర్సీ వైపు శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది కారు అడుగుభాగాన్ని తుప్పు పట్టిస్తుంది. ‘రోడ్ సాల్ట్’, ‘అండర్‌బాడీ వాష్’ అనే మాటలు అక్కడ తెలిసి ఉండాలి. జార్జియా, నార్త్ కరోలినా వాళ్లకి వసంతంలో కారంతా పసుపు పూసినట్టు కనిపించేది ‘పాలెన్’, పైన్ చెట్ల పుప్పొడి. ఫ్లోరిడాలో మే, సెప్టెంబరు నెలల్లో ‘లవ్‌బగ్స్’ అనే పురుగులు గుంపులుగా వచ్చి బంపరుకి అంటుకుంటాయి. అవి ఎండేకొద్దీ పెయింటు పాడవుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే కడిగేయాలి.

కారు భాగాల పేర్లు కూడా ఇక్కడ వేరు. మన బానెట్ ఇక్కడ హుడ్, డిక్కీ ఇక్కడ ట్రంక్, నంబర్ ప్లేట్ ఇక్కడ లైసెన్స్ ప్లేట్, ముందు అద్దం విండ్‌షీల్డ్. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి బానెట్ అలాగే ఉంటుంది, డిక్కీ బూట్ అవుతుంది. పెట్రోల్ బంకుల్లో ఈ గన్ను వసతిని అక్కడ ‘జెట్ వాష్’ అంటారు.

తుడవడం, వ్యాక్యూమ్

కడగడం అయ్యాక కారు బయటికి తీసేయాలి. “ప్లీజ్ డ్రై యువర్ వెహికల్ అవుట్‌సైడ్ ద బే” అని రాసి లేకపోయినా, వెనక లైనుంటే బేలో నిలబడి తుడుచుకోవడం మర్యాద కాదు. తుడిచే గుడ్డ మరిచిపోతే పక్కనే మెషీన్లో టవల్స్, వైప్స్ అమ్ముతారు. ఇంటి నుంచి మైక్రోఫైబర్ గుడ్డ తెచ్చుకుంటే ఆ ఖర్చు ఉండదు.

కారు లోపలి దుమ్ము లాగే వ్యాక్యూమ్‌కి టైమూ డబ్బూ వేరే. ఇక్కడ కూడా ముందే పని చేసుకోవాలి. నాలుగు తలుపులూ తెరిచి, మ్యాట్లు తీసి, సీట్ల కింది చిల్లర, పిల్లల బొమ్మలు ఏరుకున్నాక నాణెం వేయండి. “రిమూవ్ లూజ్ ఐటమ్స్” అన్న బోర్డు దానికే. గొట్టాన్ని ‘హోజ్’ అంటారు, చివర ‘జ’ పలకాలి.

డబ్బులు మింగేసినప్పుడు

మెషీను డబ్బులు తీసుకుని కదలకపోతే దాన్ని కొట్టకండి, ఇంకో నాణెం కూడా వేయకండి. ముందు బే నంబరు, తెర మీది అంకెలు కలిపి ఫోటో తీసుకోండి. గోడ మీద “ఫర్ సర్వీస్ ఆర్ రీఫండ్ కాల్” అని నంబరు ఉంటుంది. ఫోన్ చేస్తే మాట ఇలా సాగుతుంది:

“హాయ్, ఐ యామ్ ఎట్ యువర్ కార్ వాష్. ఐ యామ్ ఇన్ బే త్రీ. ది మెషీన్ టుక్ మై మనీ బట్ ఇట్ డిడ్ నాట్ స్టార్ట్.”

“ఓకే. హౌ మచ్ డిడ్ యు పుట్ ఇన్?”

“ఫోర్ డాలర్స్, ఆల్ క్వార్టర్స్.”

“కెన్ యు ట్రై బే ఫోర్? ఐ కెన్ స్టార్ట్ ఇట్ ఫ్రమ్ హియర్.”

కొన్నిచోట్ల ఇలా దూరం నుంచే మెషీను ఆన్ చేసేస్తారు. లేదంటే చెక్కు పంపిస్తామని పేరూ అడ్రసూ అడుగుతారు. మన పేర్లు ఫోన్లో వాళ్లకి అందవు. “లెట్ మీ స్పెల్ ఇట్ ఫర్ యు” అని మొదలుపెట్టి, ఎస్ యాజ్ ఇన్ శామ్, ఆర్ యాజ్ ఇన్ రాబర్ట్, వి యాజ్ ఇన్ విక్టర్, ఎన్ యాజ్ ఇన్ నాన్సీ అంటూ ఒక్కో అక్షరం చెప్పండి. మీ పేరుకి సరిపడా ఈ వరస ఒకసారి కాగితం మీద రాసుకుంటే బ్యాంకుకీ, ఆసుపత్రికీ కూడా అదే పనికొస్తుంది. ఎవరూ ఎత్తకపోతే బీప్ తర్వాత మెసేజ్ పెట్టండి: పేరు, బే నంబరు, ఎంత పోయింది, మీ ఫోన్ నంబరు రెండుసార్లు నెమ్మదిగా.

సమస్య ఏదైనా చిన్న వాక్యం చాలు. నురగ రాకపోతే “నో సోప్ ఈజ్ కమింగ్ అవుట్”. ధార నీరసంగా ఉంటే “దేర్ ఈజ్ నో ప్రెషర్”. “వాటర్ ఈజ్ నాట్ కమింగ్” అన్నా అర్థమవుతుంది గానీ, ప్రెషర్ అనే మాట చెబితే లోపం ఎక్కడో వాళ్లకి వెంటనే తెలుస్తుంది.

పక్కనే టన్నెల్ ఉంటే

సెల్ఫ్ సర్వ్ బేలు ఉన్న ఆవరణలోనే చాలాచోట్ల కారుని లాక్కెళ్లి కడిగే టన్నెల్ కూడా ఉంటుంది. ఎండ మండిపోతున్నప్పుడో ఒంట్లో ఓపిక లేనప్పుడో అటు వెళ్తాం. అక్కడ మనిషి ఉంటాడు, మాటలు వేగంగా వస్తాయి. “కీప్ కమింగ్, కీప్ కమింగ్... స్టాప్” అంటూ చేత్తో సైగ చేస్తాడు. తర్వాత “పుట్ ఇట్ ఇన్ న్యూట్రల్, ఫుట్ ఆఫ్ ద బ్రేక్, హ్యాండ్స్ ఆఫ్ ద వీల్”. గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీంచి కాలు తీసి, స్టీరింగ్ వదిలేయమని. భయంతో బ్రేకు తొక్కారంటే కారు ఆ లాగే చక్రం మీంచి తప్పుకుంటుంది, వెనక కారు వచ్చి తగలొచ్చు. వానకి వాటంతటవే తిరిగే వైపర్లు ముందే ఆపేయాలి. టెస్లా ఉన్నవాళ్లు తెర మీద కార్ వాష్ మోడ్ ఆన్ చేసుకుని వెళ్లాలి.

డబ్బు కట్టే చోట మాత్రం “డు యు వాంట్ టు ట్రై అవర్ అన్‌లిమిటెడ్ ప్లాన్?” అని తప్పకుండా అడుగుతారు. నెలనెలా కార్డు మీంచి డబ్బు తీసుకునే సభ్యత్వం అది. మొదటి నెల తక్కువ రేటు చూపించినా, ఆ తర్వాత పూర్తి ధర పడుతుంది. వద్దనుకుంటే “నో థాంక్స్, జస్ట్ ద బేసిక్ వాష్ టుడే”. మళ్లీ అడిగినా నవ్వుతూ అదే వాక్యం చెప్పండి. నిజంగా తీసుకోవాలనిపిస్తే, కార్డు ఇచ్చే ముందు “హౌ డు ఐ క్యాన్సిల్?” అని అడిగి, జవాబు విన్నాకే ఇవ్వండి.